మొదటి డ్రోన్: ఖరీదైన పార్టులు కాదు, జోడు కుదిరే పార్టులు

(కోల్‌కతాలో మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద సాహిత్యం గురించో, ఆరోగ్యం గురించో, పెన్షన్ నిబంధనల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "పిల్లలందరూ డ్రోన్, డ్రోన్ అంటున్నారు. ఇంట్లో తయారు చేసుకోవాలంటే ఏ సామాన్లు కొనాలో మీరు చెప్పాలి" అని పురమాయించారు. సర్వీసంతా విమానాల మెయింటెనెన్సులో గడిపినవాణ్ణి కాబట్టి కాదనలేకపోయాను. ఇక్కడున్న వారిలో సగం మంది చేతికి స్క్రూడ్రైవరు కొత్త కాదు. అందుకే కొంచెం లోతుగానే చెప్తాను. పిల్లలకు అర్థం కాని చోట నాన్నగారు చెప్తారు.

ఎందుకు తయారు చేసుకోవాలి?

"కొనుక్కుంటే పోలా?" అని ఎవరైనా అడగవచ్చు. 2022 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. తయారై వచ్చినవే కాదు, విడదీసి కిట్టుగా పంపినవి కూడా ఆ నిషేధం కిందికి వచ్చాయి. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రం అనుమతి మీద మినహాయింపు ఇచ్చారు. అయితే విడిభాగాలను ఆపలేదు. మన దేశంలో తయారీ పెరగాలన్నదే అందులోని ఉద్దేశం.

రెండో కారణం మన వృత్తికి సంబంధించినది. 2025 ఫిబ్రవరిలో సైన్యం కోసం కుదుర్చుకున్న నాలుగు వందల డ్రోన్ల ఒప్పందాలను, వాటిలో చైనా విడిభాగాలు వున్నాయన్న కారణంగా రద్దు చేశారని పత్రికల్లో చదివాం. అదే ఏడాది, రైజింగ్ స్టార్ కోర్‌లోని మనవాళ్ళు చండీగఢ్‌లోని టి.బి.ఆర్.ఎల్. సహకారంతో ఎఫ్.పి.వి. డ్రోన్లను సొంతంగా తయారు చేసుకున్నారన్న వార్తా చదివాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు పడవలు వెళ్ళలేని చోటికి భోజనం పొట్లాలు, మందులు డ్రోన్ల మీద వెళ్ళాయి. యుద్ధానికైనా, వరదకైనా లోపల ఏ పార్టు వుందో, అది ఏం చేస్తుందో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి తయారయ్యేది ఇలాంటి హాబీ బల్ల దగ్గరే.

నాలుగు రెక్కల కథ

నాలుగు ప్రొపెల్లర్ల ఆలోచన కొత్తది కాదు. 1907లోనే ఫ్రాన్సులో బ్రెగే సోదరులు అలాంటి యంత్రాన్ని నేల మీద నుంచి లేపారు. 1922 డిసెంబరు 18న అమెరికాలో, డేటన్ దగ్గరి మెకుక్ ఫీల్డులో, జార్జ్ డి బోథెజాట్ అనే ఇంజనీరు అమెరికా సైన్యం కోసం నిర్మించిన నాలుగు రోటర్ల హెలికాప్టరు గాల్లోకి లేచింది. లేచింది గాని ఎక్కువ రోజులు నిలవలేదు. నాలుగు రోటర్లనూ క్షణక్షణం సరిచూసుకుంటూ ముందుకు నడపడం పైలట్‌కి తలకు మించిన పని అయింది. సైన్యం కొన్నాళ్ళకు ఆ ప్రయత్నాన్ని వదిలేసింది.

అప్పుడు లేనివి, ఇప్పుడు వున్నవి మూడు. ఒకటి, గోరంత సైజులో వుండే జైరో చిప్పు. రెండు, తేలికైన బ్రష్‌లెస్ మోటారు. మూడు, లిథియం పాలిమర్ బ్యాటరీ. ఆనాటి పైలట్ చేతులా కాళ్ళా చేయలేకపోయిన పనిని ఈనాడు చిన్న బోర్డు సెకనుకు కొన్ని వందల సార్లు చేస్తోంది.

ముందు కాగితం, తర్వాత దుకాణం

మా క్వార్టర్స్‌లో ఒక కుర్రాడు "అంకుల్, అన్నిటికన్నా పవర్‌ఫుల్ మోటారు ఏది?" అని అడిగాడు. "ఏ పనికి నాయనా?" అన్నాను. జవాబు లేదు. చాలామంది ఇక్కడే తప్పుదోవ పడతారు.

పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పెద్దలకు తెలుసు. ఒంగోలు ఎద్దు ఒకటి, బక్క ఎద్దు ఒకటి కలిపి కాడికి కడితే బండి నడవదు, పక్కకి తిరుగుతుంది. రెండు మామూలు ఎద్దులైనా సరే, జోడు కుదిరితే ఊరు చేరుస్తాయి. డ్రోన్ కూడా అంతే. మంచి మోటారు, మంచి బ్యాటరీ, మంచి ప్రొపెల్లరు విడివిడిగా తెచ్చి కలిపినంత మాత్రాన మంచి డ్రోన్ కాదు. ఒకదానికొకటి సరిపడాలి.

అందుకని ఎంపిక వరుస ఇలా వుండాలి: ఏ పనికి, ఎంత బరువు, ఏ ప్రొపెల్లరు, ఏ మోటారు, ఏ స్పీడ్ కంట్రోలరు, ఏ బ్యాటరీ. ఫ్లైట్ కంట్రోలరు, రేడియో వీటి తర్వాత. ఈ వరుసను తిరగేసి మోటారుతో మొదలుపెడితే సామాను రెండోసారి కొనవలసి వస్తుంది.

మొదటి డ్రోన్ పని ఒక్కటే: నేర్పడం. అంటే నిదానంగా ఎగరాలి, దూరం నుంచి కనబడాలి, కిందపడితే ఒక్క చెయ్యి విరిగి మిగతాది బతకాలి, ఏ పార్టు పోతే ఆ పార్టే మార్చుకోగలగాలి. ఇందుకు నేను చెప్పేది ఎఫ్-450 రకం ఫ్రేము. ఎదురెదురు మోటార్ల మధ్య దూరం 450 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పేరు. రేసింగు డ్రోన్లు మూడు, ఐదంగుళాల ప్రొపెల్లర్లతో చిన్నవిగా, చురుగ్గా వుంటాయి గాని కొత్తవాడి చేతికి నిలవవు. పైగా వాటిలో నాలుగు స్పీడ్ కంట్రోలర్లూ ఒకే బోర్డు మీద వుంటాయి. ఒకటి కాలితే బోర్డు మొత్తం మార్చాలి.

బరువు లెక్క

కాగితం తీసుకుని బరువులు రాయండి. ఫ్రేము సుమారు 280 గ్రాములు. నాలుగు మోటార్లు 210. నాలుగు స్పీడ్ కంట్రోలర్లు 100. ప్రొపెల్లర్లు 50. ఫ్లైట్ కంట్రోలరు, జి.పి.ఎస్., రిసీవరు, వైర్లు కలిపి 120. బ్యాటరీ 190. మొత్తం 950 గ్రాములు.

ఇప్పుడు ఒక సూత్రం. నాలుగు మోటార్లూ పూర్తి శక్తితో ఎత్తగలిగే బరువు, డ్రోన్ బరువుకి కనీసం రెండు రెట్లు వుండాలి. అప్పుడే థ్రాటిల్ సగం దగ్గర గాల్లో నిలబడి, గాలి కొట్టినప్పుడు సర్దుకోవడానికి మిగతా సగం చేతిలో వుంటుంది. మన లెక్కకి 1900 గ్రాములు కావాలి, అంటే ఒక్కో మోటారు 475 గ్రాములు ఎత్తాలి. ఈ తరగతి మోటారుకి అమ్మేవాళ్ళు 700, 800 గ్రాములని రాస్తారు. అందులో మూడో వంతు తీసేసి లెక్క కట్టండి. అయినా దాదాపు సరిపోతుంది.

ప్రొపెల్లరు, మోటారు

ఈ రెండూ ఆలుమగల లాంటివి. ఒకరిని వదిలి ఇంకొకరిని ఎంచలేం.

ప్రొపెల్లరు మీద 1045 అని వుంటే పది అంగుళాల వ్యాసం, నాలుగున్నర అంగుళాల పిచ్ అని అర్థం. మోటారు మీద 2212 అని వుంటే లోపలి స్టేటరు వ్యాసం 22 మి.మీ., ఎత్తు 12 మి.మీ. పక్కన 1000 కె.వి. అని వుంటుంది. ఇది కిలోవోల్టు కాదు, పిల్లలు పొరబడుతుంటారు. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 11.1 వోల్టుల బ్యాటరీ పెడితే 1000 కె.వి. మోటారు సుమారు 11,100 చుట్లు తిరుగుతుంది.

పెద్ద ప్రొపెల్లరుకి తక్కువ కె.వి., చిన్న ప్రొపెల్లరుకి ఎక్కువ కె.వి. ఇది గుర్తుంచుకుంటే చాలు. రేసింగు డ్రోన్ల 2300 కె.వి. మోటారుకి పది అంగుళాల ప్రొపెల్లరు బిగిస్తే, కొత్త సైకిలు నేర్చుకునేవాణ్ణి టాప్ గేరులో హౌరా బ్రిడ్జి ఎక్కించినట్టే. మోటారు వేడెక్కి వైండింగు కాలుతుంది. మన ఎఫ్-450కి 1045 ప్రొపెల్లరు, 2212 సైజులో 920 నుంచి 1000 కె.వి. మోటారు జోడు కుదురుతాయి.

రెండు ప్రొపెల్లర్లు కుడికి, రెండు ఎడమకి తిరిగేవి తీసుకోవాలి. అన్నీ ఒకే దిక్కుకి తిరిగితే ఫ్రేము దానికి ఎదురు దిక్కులో గిరగిరా తిరుగుతుంది. హెలికాప్టరుకి తోక రోటరు ఎందుకో తెలిసినవారికి ఇది చెప్పక్కర్లేదు. ప్రొపెల్లర్లు కనీసం మూడు సెట్లు, మోటార్లు నాలుగు కాకుండా ఐదు కొనండి. కొనేటప్పుడు షాఫ్టు వేళ్ళతో తిప్పి చూడండి. గరగరలాడినా, వంకర కనబడినా పక్కన పెట్టండి.

స్పీడ్ కంట్రోలరు

ఇ.ఎస్.సి. అంటారు. బ్యాటరీ కరెంటుని మోటారుకి కావలసినట్టు మూడు వైర్ల మీద పంచుతుంది. మన మోటారు గట్టిగా లాగితే 12 నుంచి 15 ఆంపియర్లు. 20 ఆంపియర్లది చాలు గాని, 30 ఆంపియర్లది తీసుకోండి. మన వేసవిలో ఆ తేడా పనికొస్తుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి అయివుండాలి. ఒకటి చురుగ్గా, ఇంకొకటి మందంగా స్పందిస్తే మళ్ళీ జోడు చెడ్డ ఎద్దుల కథే. మోటారు ఎదురు దిక్కుకి తిరిగితే కంగారు పడకండి. మూడు వైర్లలో ఏ రెండిటినైనా మార్చి కలిపితే సరిపోతుంది.

బ్యాటరీ, చార్జరు: ఇక్కడ పొదుపు వద్దు

ఇళ్ళల్లో పిల్లలున్నారు కాబట్టి ఈ భాగం శ్రద్ధగా వినండి. లైపో బ్యాటరీ తేలిక, శక్తి మెండు. అందుకే ప్రమాదం కూడా. పొడుచుకున్నా, ఎక్కువ చార్జి చేసినా, షార్టు అయినా ఉబ్బి అంటుకుంటుంది. ఆ మంట ఆపడం సులువు కాదు.

మనకు కావలసింది 3-ఎస్, అంటే మూడు సెల్సు వరుసగా కలిపినది. 11.1 వోల్టులు, 2200 ఎం.ఎ.హెచ్. పక్కన 30-సి అని వుంటే 2.2 ఆంపియర్లకు ముప్పై రెట్లు, అంటే 66 ఆంపియర్లు ఇవ్వగలదని. మన నాలుగు మోటార్లు కలిసి గరిష్ఠంగా అరవై లాగుతాయి కాబట్టి 30-సికి తగ్గకుండా, దొరికితే ఇంకాస్త ఎక్కువదే చూసుకోండి. లేబులు మీది అంకె ఎప్పుడూ కాస్త ఉదారంగానే వుంటుంది.

ఎంతసేపు ఎగురుతుంది? గాల్లో నిలబడడానికి సుమారు 135 వాట్లు, అంటే 12 ఆంపియర్లు కావాలి. బ్యాటరీలో ఎనభై శాతమే వాడాలి. లెక్క కడితే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు వస్తుంది. "5000 ఎం.ఎ.హెచ్. పెడితే?" అంటారు. రెండు వందల గ్రాముల బరువు పెరిగి, దాన్ని మోయడానికే కరెంటు ఖర్చవుతుంది. కెపాసిటీ రెండు రెట్లు దాటినా సమయం సుమారు పద్నాలుగు నిమిషాలే. మొదటి డ్రోన్‌కి ఒక పెద్ద బ్యాటరీ కన్నా రెండు చిన్న బ్యాటరీలు మేలు.

చార్జరు తప్పకుండా బ్యాలెన్స్ చార్జరే కొనాలి. అది ఒక్కో సెల్లునీ 4.2 వోల్టుల దగ్గర విడివిడిగా ఆపుతుంది. 2200 బ్యాటరీకి 2.2 ఆంపియర్లు దాటకుండా చార్జి చేయండి. వారం రోజులు వాడకపోతే సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర వుంచండి. చార్జి పెట్టి మార్కెట్టుకి వెళ్ళవద్దు, నిద్రపోవద్దు. పక్కన ఇసుక బకెట్టు వుండాలి. ఫైర్ పాయింట్లు చూసినవాళ్ళం, మనకిది కొత్త అలవాటు కాదు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి అని వాడకండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి.

ఫ్లైట్ కంట్రోలరు, రేడియో

డ్రోన్‌కి మెదడు ఫ్లైట్ కంట్రోలరు. జైరో, యాక్సెలరోమీటరు దాని మీదే వుంటాయి. బోర్డు కన్నా అందులో నడిచే సాఫ్ట్‌వేరు ముఖ్యం. ఆర్డుపైలట్ అనేది అందరికీ తెరిచి వుంచిన ఉచిత సాఫ్ట్‌వేరు. ప్రపంచమంతటా వాలంటీర్లు దాన్ని పెంచుతున్నారు. ఎత్తు నిలుపుకోవడం, రేడియో సంకేతం తెగితే బయలుదేరిన చోటికి తిరిగి రావడం, ఇవన్నీ అందులో వున్నాయి. పిక్స్‌హాక్ రకం బోర్డుల మీద ఇది బాగా నడుస్తుంది. ఆ పిక్స్‌హాక్ కూడా స్విట్జర్లాండులోని ఇ.టి.హెచ్. జూరిక్‌లో లోరెంజ్ మయర్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ప్రాజెక్టే. మన పిల్లలు ఇది గమనించాలి. జి.పి.ఎస్.ని మాత్రం చిన్న కడ్డీ మీద పైకి బిగించండి. బ్యాటరీ వైర్ల పక్కన పెడితే దాంట్లోని దిక్సూచి తికమక పడుతుంది.

రేడియో ఎన్ని డ్రోన్లు మారినా మీ దగ్గరే వుండే వస్తువు. అందుకే ఇక్కడ నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. బయటి దేశాల సామానులో 915 మెగాహెర్ట్‌జ్ టెలిమెట్రీ సెట్లు కలిసి వస్తుంటాయి. ఆ బ్యాండు మనకు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఇచ్చినది కాదు. తీసుకోకండి. సిగ్నల్స్ వాళ్ళు ఇక్కడ వున్నారు, వాళ్ళనడిగితే ఇంకా బాగా చెప్తారు.

కెమెరా మాటేమిటి అంటారా? మొదటి డ్రోన్‌కి కెమెరా వద్దు. బరువు ఒక కారణం. అసలు కారణం, మనం వుండేది కంటోన్మెంట్లలో. కెమెరా లేని డ్రోన్ ఎగిరే పాఠం నేర్పుతుంది. కెమెరా వున్న డ్రోన్ సంజాయిషీ రాయిస్తుంది.

ఎక్కడ కొనాలి, ఎలా బిగించాలి

కోల్‌కతాలో వున్నాం కాబట్టి చాందినీ చౌక్ పేరు చెప్పక తప్పదు. మెట్రో దిగితే చాలు, ఎలక్ట్రానిక్స్ సందులన్నీ అక్కడే. వైరు, సోల్డరు, కనెక్టరు, మల్టీమీటరు చేత్తో చూసి బేరమాడి కొనడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కొందరు దుకాణదారులకు మనకన్నా ఎక్కువ తెలుసు. అడిగితే ఓపిగ్గా చెప్తారు. కానీ మీరు రాసుకున్న నంబరు దొరకనప్పుడు ఒక మాట వినబడుతుంది: "చోలే జాబే, దాదా." నడిచిపోతుందిలే అని. ఫ్యానుకైతే నడిచిపోతుంది. గాల్లోకి లేచే వస్తువుకి ఆ మాట పనికిరాదు. కాగితం మీద లెక్క కట్టిన నంబరే కొనండి. దొరకకపోతే వారం ఆగండి.

బిగించాక మొదటిసారి బ్యాటరీ నేరుగా తగిలించకండి. ఒక వైరు మధ్యలో బండి ఇండికేటరు బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, సిరీస్‌లో పెట్టండి. ఎక్కడైనా షార్టు వుంటే బల్బు వెలిగి ఆగుతుంది, బోర్డు బతుకుతుంది. బల్బు ఒకసారి మినుక్కుమని ఆరిపోతే వైరింగు సరిగా వున్నట్టే. బల్ల మీద పరీక్షలన్నీ ప్రొపెల్లర్లు లేకుండానే చేయాలి. ప్రొపెల్లరు ఆఖరున, మైదానంలో, మనుషులు దూరంగా జరిగాక బిగించేది. తిరిగే ప్రొపెల్లరు దగ్గరికి వెళ్ళకూడదని ఫ్లైట్ లైన్ మీద నేర్చుకున్న పాఠం పది అంగుళాల ప్రొపెల్లరుకీ వర్తిస్తుంది. వేళ్ళు తెగుతాయి.

ఎక్కడ ఎగరవేయాలి

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అది దాటి రెండు కిలోల వరకు మైక్రో. మన డ్రోన్ 950 గ్రాములు, మైక్రో. వ్యాపారానికి కాకపోతే మైక్రోకి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా రిజిస్ట్రేషన్ సంగతి, మీరు ఎగరవేయదలచిన చోటు ఏ జోన్‌లో వుందన్న సంగతి డి.జి.సి.ఎ. పోర్టల్‌లోనూ, డిజిటల్ స్కై పటంలోనూ చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల అయితే ముందు అనుమతి కావలసిందే. సాల్ట్ లేక్, న్యూ టౌన్‌లలో వుండేవారికి డమ్ డమ్ ఎంత దగ్గరో వేరే చెప్పాలా?

మైదాన్ ఎంత విశాలంగా కనబడినా ఆశపడకండి. పక్కనే మన ఈస్టర్న్ కమాండ్, నిన్నటి ఫోర్ట్ విలియం, ఈనాటి విజయ్ దుర్గ్. 2025 మే నెలలో ఒక రాత్రి హేస్టింగ్స్, విద్యాసాగర్ సేతు వైపు ఆకాశంలో డ్రోన్ల లాంటివి కనబడ్డాయని పెద్ద కలకలం రేగింది. పోలీసులు, సైన్యం ఆరా తీశారు. అది ఆపరేషన్ సిందూర్ జరిగిన నెల. అలాంటి ఆకాశంలో మనవాడి ఆటబొమ్మ కిందనున్న సెంట్రీకి ఆటబొమ్మలా కనబడదు, కనబడకూడదు కూడా. యూనిట్ గ్రౌండైనా, బ్యాడ్మింటన్ హాలైనా లిఖితపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే డ్రోన్ బయటికి తీయండి. నోటిమాట అనుమతి చాలదు. సర్వీసు వాళ్ళ పిల్లలు నిబంధన తప్పితే మాట పడేది తండ్రి.

ఆ లోగా సిమ్యులేటరు వుంది. రేడియోని కంప్యూటరుకి కలిపి కనీసం పది గంటలు ఎగరవేస్తే, మైదానంలో విరిగే ప్రొపెల్లర్లు సగానికి తగ్గుతాయి. పార్టులకి ఆర్డరు పెట్టి ఎదురుచూసే రోజుల్లో ఈ పని పూర్తి చేయవచ్చు.

చివరిగా

పెద్దలకు ఒక విన్నపం. రిటైరయ్యాక "ఇంక నాకేం తెలుసు, ఇదంతా పిల్లల కాలం" అని పక్కకి జరగకండి. పిల్లలకి సాఫ్ట్‌వేరు తెలుసు. నట్టు ఎంత బిగించాలో, వైరు ఎక్కడ ఒరుసుకుంటుందో, చెక్‌లిస్టులో గీత ఎందుకు దాటకూడదో మీకు తెలుసు. ఆ రెండు చేతులూ ఒకే బల్ల దగ్గర కలవాలి. డ్రోన్‌కి పార్టులు జోడు కుదరాలని ఇంతసేపు చెప్పాను. కట్టేవాళ్ళ జోడు కూడా కుదరాలి.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. బరువు లెక్క రాసిన కాగితం తెచ్చినవారికి ముందు సమాధానం చెప్తాను.

 జై హింద్.